మాంద్యకాలమున మోటారు పందెములు: జపాను కంపెనీల రాకపోకలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు రజతోత్సవములో కార్ల పందెముల ప్రసక్తి ఏల అని కొందరికి తోచవచ్చును. కలిమి దినములలో చేపట్టిన గొప్ప పనిని చేతిలో డబ్బు ఆడని దినమున లోకము ఎట్లు విడుచుచున్నదో, విడిచినందున ఏమి పోగొట్టుకొనుచున్నదో తెలియుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము అరుదు. ఇరువది యైదేండ్లు నిలిచిన గ్రంథాలయమునకు ఆ విచారణ అవసరము.

2008వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన హోండా కంపెనీ అధ్యక్షుడు టకియో ఫుకుయి టోకియో నగరములో పత్రికలవారిని పిలిచి ఒక ప్రకటన చేసెను. ఫార్ములా వన్ అను ప్రపంచ ప్రసిద్ధమైన కారు పందెముల నుండి తమ కంపెనీ వైదొలగుచున్నదని దాని సారాంశము. అప్పటికి మరుసటి ఏటి పందెములకు క్రొత్త కారు సిద్ధమగుచునే ఉన్నది. ఇంగ్లండులోని బ్రాక్లీ అను చిన్న పట్టణమున ఆ జట్టు కర్మాగారములో వందలాది పనివారు ఉండిరి. ఒక్క ప్రకటనతో వారి భవిష్యత్తు గాలిలో దీపమైనది.

పది దినములు గడచెను. డిసెంబరు 15న సుజుకి, 16న సుబారు ప్రపంచ ర్యాలీ పందెములను విడిచినవి. 2009 జనవరిలో కవాసాకి మోటారు సైకిళ్ల పందెములలో తన కంపెనీ జట్టును విరమించెను. ఫిబ్రవరిలో మిత్సుబిషి డకార్ పందెమునకు స్వస్తి చెప్పెను; ఆ ఎడారి పందెమును అది 12 మారులు గెలిచిన కంపెనీ. నవంబరు 4న టయోటా కూడ ఫార్ములా వన్‌ను వదలుచున్నట్లు ప్రకటించెను. పదకొండు మాసములలో ఆరు జపాను కంపెనీలు నాలుగు బరులను విడిచినవి.

ఈ కంపెనీలలో కొన్నింటి పేర్లు ఉత్తర తెలంగాణమునకు క్రొత్తవి కావు. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల బాటలపై వాటి పేరు గల బండ్లు నిత్యము తిరుగుచున్నవి. అంత పెద్ద కంపెనీలు, అంత ప్రేమతో చేపట్టిన పందెములను, మొదటి ఎదురుదెబ్బకే ఏల విడిచినవి?

ఇది ఒక్క మారు జరిగినది కాదని ముందుగా గ్రహింపవలెను. 1991 జూన్‌లో మాజ్దా కంపెనీ ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెమును గెలిచెను. ఆ పందెమును గెలిచిన మొదటి జపాను కారు అదియే. కాని 1989 చివర శిఖరమెక్కిన జపాను వాటాల బజారు అప్పటికే కూలిపోయి ఉండెను. పందెపు నిబంధనలును మారినవి. 1992తో మాజ్దా ఆ బరిని విడిచెను. అదే ఏడు హోండా కూడ ఫార్ములా వన్ నుండి తప్పుకొనెను. 1986 నుండి 1991 వరకు వరుసగా ఆరేండ్లు జట్ల విజేతృత్వము హోండా ఇంజనుదే. అప్పులలో మునిగి ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీ సాయముతో గట్టెక్కిన నిస్సాను 1999తో లె మాన్ పందెములను చాలించెను. వచ్చుట, గెలుచుట, కాలము కాని ఏట పోవుట, మరల వచ్చుట జపాను కంపెనీలకు ఒక పరిపాటి యైనది.

పందెము వలన కంపెనీకి కలుగు లాభము మూడు విధములు. మొదటిది పేరు. ప్రపంచమంతయు చూచుచుండగా గెలిచిన బండి పేరు కొనువాని మనస్సులో నిలుచును. రెండవది విద్య. మామూలు కర్మాగారములో ఒక ఇంజనీరు ఒక భాగమును మార్చి ఫలితము చూచుటకు ఏండ్లు పట్టును. పందెములో రెండు వారములకే ఫలితము బయటపడును. కావుననే హోండా తన యువ ఇంజనీర్లకు పందెపు శాఖను పాఠశాలగా నెంచెను. మూడవది అభిమానము. ఇది లెక్క పుస్తకములలో కనిపింపదు గాని పనివారి వెన్ను నిలుపును.

ఈ మూడును నిజములే. అయినను మూడింటికిని ఒక సామాన్య గుణము కలదు. ఖర్చు నేడు, ఫలము రేపు. ఖర్చు అంకెలలో కనిపించును. ఫలము కంటికి కనిపింపదు. కంపెనీ పెద్దలు కష్టకాలమున లెక్కలు ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడు కనిపించు ఖర్చుపైననే వారి కలము మొదట పడును.

సేద్యము చేయు వారికి ఈ లెక్క విప్పి చెప్పనక్కరలేదు. కాలము కాని ఏడు రైతు మొదట మానుకొనునది సవారి కచ్చురపు సింగారము, జాతర ఖర్చు, పెండ్లి ఆడంబరము. తరువాత క్రొత్త బట్టలు. ఎంత కష్టము వచ్చినను విత్తులకు దాచిన గింజలను, దున్నెడి ఎడ్లను కాపాడుకొనుటకే చూచును. వాటిని అమ్ముకొన్న రైతునకు వచ్చే ఏడు వాన కురిసినను ప్రయోజనము లేదు. ఏది ఆపినచో రేపు మరల మొదలు పెట్టవచ్చునో, ఏది ఆపినచో మరల లేవదో ఎరుగుటలోనే గృహస్థు తెలివి యంతయు ఉన్నది.

కర్మాగారములకును ఇదే న్యాయము. రామగుండము ఎరువుల కర్మాగారము 1999లో మూతపడెను. అచ్చట క్రొత్త కర్మాగారము లేచి యూరియా వచ్చుటకు 2021వ సంవత్సరము కావలసి వచ్చెను. కాగజ్‌నగర్‌లోని సిరిపూరు కాగితపు మిల్లు 2014లో ఆగిపోయెను, 2018లో జె.కె. పేపర్ సంస్థ దానిని చేపట్టువరకు ఆ పట్టణము ఊపిరి బిగబట్టి ఎదురుచూచెను. యంత్రము చల్లబడుటకు ఒక దినము చాలును. చెదరిపోయిన పనివారిని, తుప్పు పట్టిన గొట్టములను, తెగిన బేరములను మరల కూర్చుటకు ఏండ్లు పట్టును. కావున ఏ కంపెనీయైనను కష్టము వచ్చినప్పుడు కర్మాగారమును ఆర్పకుండ దేనిని ఆపవచ్చునా అని వెదకును. మోటారు పందెము అట్టి వస్తువు. దానిని ఆపినందున మరునాడు కర్మాగారము నుండి వెలువడు కార్ల సంఖ్య ఒక్కటియు తగ్గదు.

ఇంతవరకు చెప్పినది అన్ని దేశముల కంపెనీలకును వర్తించును. జపాను కంపెనీలు మరింత త్వరగా వైదొలగుటకు వేరు కారణములు కలవు.

మొదటిది నాణెపు మారకము. జపాను కంపెనీలు తయారు చేయు కార్లలో పెద్దభాగము విదేశములలో అమ్ముడు పోవును. 2007 మధ్యలో ఒక డాలరునకు సుమారు 120 యెన్లు వచ్చెడివి; 2008 డిసెంబరు నాటికి సుమారు 90 మాత్రమే వచ్చుచుండెను. అనగా అమెరికాలో 20,000 డాలర్లకు అమ్మిన కారు మీద మునుపు 24 లక్షల యెన్లు చేతికి రాగా, ఇప్పుడు 18 లక్షలే వచ్చును. కారు అదే, ధర అదే, చేతికి వచ్చు సొమ్ము మాత్రము నాలుగవ వంతు తగ్గెను. దానికి తోడు అమెరికాలో కొనువారే కరవైరి. 2009 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరములో టయోటాకు 43 వేల కోట్ల యెన్లకు పైబడిన నష్టము వచ్చెను. సుమారు డెబ్బది ఏండ్లుగా ఆ కంపెనీ ఎరుగని దెబ్బ అది.

రెండవది ఉద్యోగ ధర్మము. జపానులోని పెద్ద కంపెనీలు స్థిరోద్యోగిని తుదివరకు పోషించుట ఒక మర్యాదగా పాటించుచు వచ్చినవి. అయితే 2008 నాటికి కర్మాగారములలో ఒప్పందపు కూలీల సంఖ్య పెరిగి ఉండెను. మాంద్యము రాగానే మొదట వీధిన పడినవారు వారే. ఆ ఏటి చివరి దినమున టోకియోలోని హిబియా ఉద్యానములో కొందరు దయామయులు గుడారములు వేసి, పనియు వసతియు పోయిన వారికి అన్నము పెట్టిరి. ఇంటి ముంగిట అట్టి దృశ్యము ఉండగా కంపెనీ వందల కోట్లు పందెపు కార్లపై వెచ్చించినచో లోకము ఏమనును? పొరుగింట ఏడ్పు వినవచ్చుచుండగా మేళము పెట్టింపరాదను మర్యాద తెలుగు గ్రామములలో ఉన్నదే. పందెములను ఆపుటలో డబ్బు లెక్కతో పాటు లోకాపవాద భీతియు కలదు.

మూడవది దూరము. హోండా జట్టు ఇంగ్లండులో, టయోటా జట్టు జర్మనీలోని కొలోన్ నగరములో ఉండెను. పందెపు శాఖలోని జపాను ఇంజనీర్లను స్వదేశమునకు రప్పించి వేరు పనులలో నియమింపవచ్చును. తెగిపోవునది దూరదేశపు కొమ్మ. వేరునకు దగ్గరగా ఉన్న కొమ్మను నరకుటకు చేయి జంకును. దూరపు కొమ్మను నరకుటకు అంత జంకదు.

జపాను వారు మాత్రమే ఇట్లు చేసిరనుట న్యాయము కాదు. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీ కూడ 2009 జూలైలో ఫార్ములా వన్‌ను విడుచుచున్నట్లు చెప్పెను. తెలుగునాట సయితము ఇట్టిది జరిగెను. 2009లో ఐ.పి.ఎల్. క్రికెట్టు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ జట్టు, యజమాని సంస్థ ఆర్థిక చిక్కులలో పడగా 2012లో రద్దయ్యెను. హైదరాబాదు పేరిట వేరొక సంస్థ వేరొక జట్టును నిలిపెను. ఇటలీ దేశపు ఫెరారి మాత్రము 1950లో ప్రపంచ పోటీలు మొదలైనప్పటి నుండి ఒక్క ఏడును విడువలేదు. దాని రహస్యము సులభము. ఇతరులకు పందెము ఒక అలంకారము. ఫెరారికి అదే వృత్తి. నగను తీసి పెట్టెలో పెట్టవచ్చును గాని నాగలిని అటక ఎక్కించి సేద్యము చేయుట ఎట్లు?

విడిచినందున హోండా మిగిల్చినదెంత, పోగొట్టుకొన్నదెంత? కంపెనీ ఆ జట్టును దాని నాయకుడు రాస్ బ్రాన్‌కు నామమాత్రపు ధరకు అప్పగించెను. హోండా సొమ్ముతో రూపొందిన ఆ కారునకే మెర్సిడిస్ ఇంజను అమర్చి, బ్రాన్ పేరిట బరిలో దింపిరి. 2009 మార్చి 29న మెల్బోర్న్ నగరములో జరిగిన మొదటి పందెములో ఆ జట్టు కార్లు మొదటి రెండు స్థానములు పొందినవి. ఆ ఏడు జరిగిన 17 పందెములలో 8 గెలిచి, తోలరి జెన్సన్ బటన్‌కును జట్టునకును ప్రపంచ విజేతృత్వము దక్కెను. ఆ ఏటి చివర మెర్సిడిస్ ఆ జట్టును కొనెను. 2014 నుండి 2021 వరకు వరుసగా ఎనిమిదేండ్లు జట్ల విజేతృత్వము దానిదే. హోండా దున్ని విత్తిన చేను కోతకు వచ్చిన నాడు కొడవలి వేరొకరి చేతిలో ఉండెను.

టయోటా కథ మరియొక విధము. 2002 నుండి ఎనిమిది ఋతువులు ఫార్ములా వన్‌లో అపారముగా వ్యయపరచినను ఒక్క పందెమును గెలువలేదు. వైదొలగు దినమున జట్టు పెద్ద యమాషినా పత్రికల వారి యెదుట కన్నీరు పెట్టెను. ఆ నిర్ణయము ప్రకటించిన అధ్యక్షుడు అకియో టయోడా పందెములను ద్వేషించినవాడు కాడు. మోరిజో అను మారుపేరుతో తానే పందెములలో కారు నడపినవాడు. ప్రేమ ఉన్నను కాలము కలిసి రానప్పుడు విడువవలసి వచ్చెను.

కాని ఆ టయోటాయే తరువాత త్రోవ మార్చుకొని వచ్చెను. 2012లో పెట్రోలును విద్యుత్తును కలిపి నడుచు కారుతో లె మాన్ పందెములలో చేరి, 2018 నుండి 2022 వరకు వరుసగా ఐదు మారులు గెలిచెను. అట్టి జోడు శక్తి కార్లే దాని అంగడి సరకు. 2017లో ప్రపంచ ర్యాలీకి మరలి వచ్చెను. ఆ ర్యాలీ అనుభవముతో రూపొందిన జి.ఆర్. యారిస్ కారును 2020 నుండి జనులకు అమ్మసాగెను. పందెము అలంకారము కాక తయారీలో భాగమైనది. అమ్మకపు లెక్కలోను, విద్య లెక్కలోను దానికి చోటు దొరికినది.

హోండా సయితము 2015లో మరల ఫార్ములా వన్‌కు వచ్చెను. 2021 తరువాత ఉండబోమని 2020 అక్టోబరులో ప్రకటించెను. పొగ లేని బండ్ల పరిశోధనకు మనుష్యులను, ధనమును మళ్లించుట అప్పుడు చెప్పిన కారణము. 2026 నుండి ఆస్టన్ మార్టిన్ జట్టుతో కలిసి నడచుటకు 2023లో మరల ఒడంబడిక చేసికొనెను. పోయినవాడు తిరిగి రాగలుగుటకు మూలము ఆ కంపెనీ చరిత్రలోనే ఉన్నది. 1954లో హోండా కంపెనీ డబ్బు చిక్కులలో ఉన్న దినములలోనే దాని స్థాపకుడు సొయిచిరో హోండా మాన్ ద్వీపపు మోటారు సైకిలు పందెమునకు పోయెదమని పనివారికి మాట ఇచ్చెను. 1959లో పాల్గొనెను, 1961లో గెలిచెను. కష్టకాలమున అందరును విడుచు దానినే ఆయన పట్టుకొనెను. ఆయన పట్టుకొన్నది ఖర్చును కాదు, లక్ష్యమును. ఐదేండ్లు ఆగి, కూడబెట్టి, నేర్చి, అప్పుడు బరిలో దిగెను.

తెలంగాణమునకు దగ్గరి ఉదాహరణము ఒకటి కలదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడుచు కార్ల ప్రపంచ పందెము జరిగెను. ఫార్ములా ఇ అను ఆ పోటీ భారతదేశమునకు వచ్చుట అదే మొదలు. అందులో మహీంద్రా జట్టుతో పాటు జపాను దేశపు నిస్సాను జట్టును పాల్గొనెను. 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము, రాష్ట్రములో ప్రభుత్వము మారిన పిదప, 2024 జనవరిలో రద్దయ్యెను. ఒక్క ఆశ్రయముపై ఆధారపడిన ఉత్సవము ఆ ఆశ్రయము తొలగిన నాడు నిలువదు.

నిస్సాను కథ వేరు మార్గమున నడచెను. 2025 మే నెలలో ఆ కంపెనీ 20,000 ఉద్యోగములు తగ్గించెదమని ప్రకటింపవలసినంత కష్టములో పడెను. పాత పరిపాటి ప్రకారము పందెములే మొదట పోవలసినవి. కాని 2030 వరకు ఫార్ములా ఇ పందెములలో ఉండెదమని 2024లోనే మాట ఇచ్చి ఉండెను; 2025లో దాని తోలరి ఆలివర్ రోలండ్ ప్రపంచ విజేత యయ్యెను. ఆ పందెములలో జట్ల వ్యయమునకు హద్దు కలదు. అచ్చట నేర్చిన విద్య విద్యుత్తు కార్ల తయారీకి పనికి వచ్చును. తక్కువ ఖర్చు, నిత్యవృత్తితో పొత్తు అను రెండు గుణములు గల పని కష్టకాలమున సయితము నిలువగలదని దీనివలన తెలియుచున్నది.

ఇక గ్రంథాలయము మాట. గ్రామములో గ్రంథాలయపు ఖర్చు కూడ చూపునకు పందెపు ఖర్చు వంటిదే. ఖర్చు నేడు, ఫలము రేపు. క్రొత్త పుస్తకమునకు ఇచ్చిన రూపాయి కనిపించును. దానిని చదివిన బాలుడు పదేండ్ల తరువాత ఏమగునో కనిపింపదు. కావున వానలు తప్పిన ఏట, ధరలు పడిపోయిన ఏట మొదట ఆగునది గ్రంథాలయ చందా. అది సహజము, దానికి ఎవరినీ నిందింపనక్కరలేదు. చేయవలసినది ముందు జాగ్రత్త.

ఒక్క కంపెనీ ఒడిలో పెరిగిన జట్టు ఒక్క ప్రకటనతో అనాథ యయ్యెను. ఒక్క దాత చేతిపై నిలిచిన గ్రంథాలయమునకును అదే గతి. పది వేల రూపాయలిచ్చు ఒక్క దాతకన్న నూరేసి రూపాయలిచ్చు నూరుగురు చందాదారులు గట్టి ఆధారము. వారిలో పదిమందికి కష్టము వచ్చినను తొంబదిమంది మిగులుదురు. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము నిజాము పాలన నాటి కష్టములను దాటి నిలిచినవనిన, పలువురి అభిమానమే దానికి బలము.

గ్రంథాలయము ఊరి నిత్యవృత్తిలో భాగము కావలెను. పైరు తెగులునకు మందు వెదకు రైతు, పోటీ పరీక్షకు చదువు యువతి, బొగ్గు గని ఉద్యోగ ప్రకటన చూచు యువకుడు, సాయంకాలము పత్రిక వినగోరు వృద్ధుడు వీరందరికి అది అవసరమైనప్పుడు దానిని ఆపవలెనని ఎవరికి తోచును?

అన్నింటికన్న ముఖ్యమైనది విత్తనపు గింజ. కాలము కాని ఏట పుస్తకముల కొనుగోలు తగ్గవచ్చును. వార్షికోత్సవపు పందిరి చిన్నది కావచ్చును. ఒకటి రెండు పత్రికలు మానవచ్చును. కాని తలుపు మూయరాదు, బీరువాలు అమ్మరాదు, పుస్తకముల పట్టికలో వ్రాత ఆగరాదు. మూసిన కర్మాగారమును తెరచుటకు రామగుండమునకు ఇరువది ఏండ్లకు పైగా పట్టినది. మూసిన గ్రంథాలయము తెరచు నాటికి చదువరుల తరము ఒకటి దాటిపోవును. ఆ తరమును మరల పిలుచుట ఎవరి తరమును కాదు.

కష్టకాలము ప్రతి సంస్థకును వచ్చును. అప్పుడు ఏమి విడువవలెనో సుఖకాలముననే ఆలోచించి పెట్టుకొన్న సంస్థ తక్కువగా నష్టపడును. నేడు ఈ సభలో దీపములు వెలుగుచున్నవి, కార్యవర్గము నిండుగా ఉన్నది, చందాలు వచ్చుచున్నవి. ఆ లెక్క వ్రాసి పెట్టుకొనుటకు ఇదియే తగిన కాలము.